అది పాదాల చప్పుడు

జూన్ 5, సోమవారం

ఈ రోజు నుంచి డైరీ రాస్తున్నాను. కారణం: మూడు నెలల పాటు మందిరంలో నోరు తెరవడానికి నాకు అనుమతి లేదు. ఎక్కడో ఒకచోట మాట్లాడకపోతే నాకు ఊపిరాడదు.

నిన్న సాయంత్రం ఆరాధన ముగిశాక సంఘ పెద్దలు నన్ను క్రమశిక్షణలో పెట్టారు. చివరి బెంచీలో కూర్చోవాలి. పాడకూడదు, సాక్ష్యం చెప్పకూడదు, ప్రభు బల్ల రొట్టె ముట్టకూడదు. నాకు డెబ్బై ఒకటి. ఈ మందిరం పునాదికి మట్టి మోసినదాన్ని.

జరిగింది జరిగినట్టు రాస్తాను. మందిరం వెనక రాతినేల మీద, సిమెంటు పెట్టెలో ఒక సెన్సర్ ఉంది. నేల వణుకును అది కొలిచి గీతగా పంపుతుంది. వానాకాలంలో నిప్పులు కక్కే మా కొండ మీద పేరుకున్న బూడిద బురదై వాగులోకి దూకితే ముందుగా తెలిసేది దానికే. పట్నంలో కొండ ఆఫీసు వాళ్ళు ఆ గీత చూసి వాగు పక్కన సైరన్ మోగిస్తారు. రెండేళ్ళ కిందట ఆ పెట్టె కోసం పెద్దలను ఒప్పించింది నేనే. కూతురి ఇల్లు వాగు పక్కన ఉంది కాబట్టే టీచరుగారికి అంత తొందర అన్నారు కొందరు. అవును, అందుకు కూడా.

పోయిన నెల ఆఫీసు నుంచి ఇంజనీరు హిమేనా ఫోన్ చేసింది. అమ్మా, బుధవారం, ఆదివారం మీ దగ్గర గీత పిచ్చిపట్టినట్టు ఊగుతోంది, డ్రమ్ముకీ గంతులకీ. ఆ టైములో బురద వచ్చినా మాకు కనపడదు. వానలు తగ్గేదాకా కూర్చుని పాడుకోండి, లేదంటే బడి మైదానానికి మార్చుకోండి అంది. మర్యాదగానే అడిగింది. గ్రాఫ్ పంపమన్నాను. పాస్టర్ మిసాయెల్ కళ్ళతో చూస్తే అర్థం చేసుకుంటాడనుకున్నాను. ఏడో తరగతిలో వాడికి తరంగాల పాఠం చెప్పింది నేనే.

అర్థం చేసుకున్నాడు, తన పద్ధతిలో. నిన్న ఆ గ్రాఫ్‌ను మందిరంలో తెర మీద వేశాడు. చూడండి, సైన్సే ఒప్పుకుంది, మన స్తుతికి భూమి కదులుతోంది అని కేక పెట్టాడు. జనం లేచి ఎగిరారు. మా అల్లుడు అబ్దీయాస్ డ్రమ్ము పగిలేలా వాయించాడు. నేను లేచి నిలబడ్డాను. బ్రదర్, అది పరిశుద్ధాత్మ కాదు, పాదాల చప్పుడు. రెండు వందల మంది ఎగిరితే ఫుట్‌బాల్ మైదానంలో కూడా ఇలాంటి గీతే వస్తుంది అన్నాను.

నా నేరం అంతే. పరిశుద్ధాత్మను ఫుట్‌బాల్‌తో పోల్చానట. పోల్చలేదు. పోల్చింది పాదాలను. పెద్దల్లో నా పక్షాన మాట్లాడింది బ్రదర్ తోబియాస్ ఒక్కడే. ఆయనకు చెవుడు. చర్చ దేని గురించో తెలియకుండానే మాట్లాడాడని నా అనుమానం.

జూన్ 7, బుధవారం

చివరి బెంచీలో కూర్చున్నాను. మనవరాలు కేయ్లా నా పక్కన చేరి, అమ్మమ్మా నువ్వేం దొంగతనం చేశావ్ అని అడిగింది. జవాబు చెప్పడానికి లేదు. వేలు పెదాల మీద పెట్టుకున్నాను. అయితే పెద్దదే చేసుంటావ్ అంది.

ఆ గ్రాఫ్ వాట్సాప్‌లో ఊళ్ళు దాటిపోయింది. కింద పాట, పైన మంటల బొమ్మలు. పక్క ఊరి సంఘం వాళ్ళు మాకంటే ఎత్తు గీత తెప్పిస్తామని సవాలు చేశారు. వాళ్ళకు సెన్సర్ లేదు కాబట్టి మా మందిరం పెరట్లో ఎగరడానికి వస్తారట.

నేను నవ్వలేదు. నా కూతురు నోయెమీ నవ్వింది. ఎనిమిదో నెల, కాళ్ళ వాపు, మంచం దిగొద్దన్నాడు డాక్టరు. నవ్వడం తప్ప ఇంకేం చేస్తుంది.

జూన్ 9, శుక్రవారం

ఊరంతా గౌరవంగా దోన్ అని పిలిచే ఎవేలియో మా ఇంటికి వచ్చాడు. మేయర్ పదవికి పోటీ చేస్తున్నాడు. ఈ ఫిబ్రవరి దాకా బైబిలు ఏ వైపు నుంచి తెరుస్తారో తెలియని మనిషి, ఇప్పుడు ప్రతి మాటకీ హల్లెలూయా. తన ముఖం అచ్చేసిన ఏప్రన్ ఒకటి కానుకగా తెచ్చాడు.

టీచరుగారూ, చదువుకున్నవారు, మీకు నేను చెప్పాలా, ఆ ఆఫీసు వాళ్ళు దేవుడి మీద నిఘా పెట్టారు, రేపు మన నోళ్ళు కుట్టేస్తారు అన్నాడు. నా నోరు కుట్టింది ఆఫీసు కాదు నాయనా, మన సంఘమే అన్నాను. పెద్దగా నవ్వాడు. జోకు అనుకున్నాడు.

పద్దెనిమిదో తేదీ ఆదివారం మూడు సంఘాలు కలిసి మా మందిరంలో ‘భూమి కదిలే ఆరాధన’ చేస్తాయట. స్పీకర్లు ఆయనవి. కొండ ఆఫీసు వెబ్‌సైట్లోని గీతను లైవ్‌లో తెర మీద చూపిస్తారట. సరిగ్గా ఓటింగుకు వారం ముందు.

వాగు పక్క ముప్పై ఇళ్ళున్నాయి, ఆ సాయంత్రం వానొస్తే ఏం చేస్తారు అని అడిగాను. మనం ప్రార్థిస్తాం కదా అన్నాడు. ఎండాకాలంలో నీళ్ళ ట్యాంకర్ అడిగినా ఈయన ఇదే మాట అన్నాడని గుర్తు చేశాను. కాఫీ పూర్తిగా తాగకుండానే లేచాడు.

ఏప్రన్‌తో పొయ్యి తుడిచాను. గుడ్డ మంచిదే.

జూన్ 10, శనివారం

మందిరంలో పద్దెనిమిదో తేదీకి రిహార్సల్ జరుగుతుంటే, కొండ ఆఫీసులో ఒక కుర్రాడు హిమేనాకు రాయబోయి నాకు రాశాడు: ఆ హల్లెలూయా గోల మళ్ళీ మొదలైంది, వాళ్ళకి బుర్రలుంటే కదా.

వెంటనే ఫోన్ చేశాను. ఆ గోలలో ఉన్నవాళ్ళే నీ పెట్టెకి సిమెంటు కలిపారు, రాళ్ళు మోశారు, పైసా అడగలేదు అన్నాను. సారీ ఆంటీ అన్నాడు. నేను ఆంటీని కాను, సైన్స్ టీచర్ని, నీ వాక్యంలో రెండు తప్పులున్నాయి అన్నాను.

జూన్ 12, సోమవారం

కోపంగానే ఉన్నాను. కోపాన్ని పక్కన పెట్టి ఆలోచించడానికి ప్రయత్నిస్తాను.

ముప్పై నాలుగేళ్ళు పిల్లలకు సైన్స్ చెప్పాను. ఒక్క రోజు కూడా ప్రార్థించకుండా క్లాసులోకి వెళ్ళలేదు. ఒక చేతిలో విశ్వాసం, ఇంకో చేతిలో సైన్స్ పట్టుకుని ఎలా నడుస్తారు టీచర్ అని అడిగేవారు. నాకు రెండూ ఒకే చేతిలో ఉండేవి. కొండను చేసినవాడే రాయికి వణికే గుణం పెట్టాడు. ఆ వణుకును చదవడం ఆయన చేతిరాతను చదవడమే. దాని మీద మన చేతిరాత గిలికి, ఇదే ఆయనది అని చూపించడాన్ని ఏమనాలో నాకు తెలుసు. మిసాయెల్‌కు కూడా తెలుసు. సీనాయి కొండ కింద బంగారు దూడను పోసి, ఇదే దేవుడని మొక్కినవాళ్ళు అలాంటి పనే చేశారు.

ఒక ప్రవక్త గుహ ముందు నిలబడితే పెనుగాలి వచ్చింది, భూకంపం వచ్చింది, నిప్పు వచ్చింది. దేవుడు వాటిలో లేడు. తర్వాత వచ్చిన సన్నని స్వరంలో ఉన్నాడు. ఆ భాగం మీద మిసాయెల్ ఎంత చక్కగా ప్రసంగించాడో నాకు గుర్తుంది. నేను ఏడ్చాను కూడా. ఆ మనిషి ఎక్కడికి పోయాడు?

జూన్ 14, బుధవారం

పాస్టర్ ఇంటికి వెళ్ళాను. ఇంట్లో మాట్లాడటం నిషేధం కాదు, నియమం మళ్ళీ చదివి చూసుకున్నాను.

మిసాయెల్ నాకు కుర్చీ వేసి, వాడు నిలబడ్డాడు. చెడ్డవాడు కాదు. పైకప్పు కారుతోంది టీచర్, యువత పట్నం పోతోంది, ఇన్నేళ్ళలో మందిరం ఇలా నిండడం ఇదే మొదటిసారి, మీరు దాని మీద నీళ్ళు పోస్తున్నారు అన్నాడు. నీళ్ళు నేను పోయను, ఆకాశం పోస్తుంది, నా భయం దాని గురించే అన్నాను. అయినా ఆ సాయంత్రం మనవాళ్ళంతా పైన మందిరంలోనే కదా, కింద ఎవరుంటారు అన్నాడు.

మనవాళ్ళు కానివాళ్ళు ఉంటారు అన్నాను.

 అయితే నోయెమీని మీ ఇంటికి తెచ్చేసుకోండి అన్నాడు. ఆ మాటకు వచ్చిన కోపం ఇంతవరకూ తగ్గలేదు. నా కూతురిని దాచుకుని ఇరవై తొమ్మిది ఇళ్ళను వదిలేయాలా?

అయినా వాగు దగ్గరికి వెళ్ళి అడిగాను. తల్లిని కదా. నోయెమీ రానంది. అమ్మా, ఆ ఎత్తు ఎక్కితే దారిలోనే కంటాను, నీకూ పాస్టర్‌కీ పంతం, మధ్యలో నా కడుపెందుకు అంది. అబ్దీయాస్ తల వంచుకుని, అత్తయ్యా, నేను వాయించకపోతే పక్క ఊరి వాడు వాయిస్తాడు, వాడికి తాళం కూడా రాదు అన్నాడు. ఈ ఇంట్లో తాళం గురించి దిగులు పడుతున్న మనిషి ఒకడున్నాడు, దేవునికి స్తోత్రం.

జూన్ 18, ఆదివారం, మధ్యాహ్నం

కొండ శిఖరం కనపడటం లేదు. మబ్బు నల్లగా కూర్చుంది. ఇక్కడ చుక్క లేదు. నాలుగింటికి ఆరాధన. వెళ్తున్నాను.

జూన్ 19, సోమవారం

వరసగా రాస్తాను.

మందిరం నిండి బయట కూడా జనం. స్పీకర్లు తలుపులంత ఉన్నాయి. తెర మీద గీత. ఎగిరినప్పుడల్లా అది లేస్తుంటే జనం ఇంకా ఎగిరారు. దోన్ ఎవేలియో తెల్ల ప్యాంటు వేసుకుని ముందు వరుసలో ఎగిరాడు, కెమెరా ఎటుంటే అటు తిరిగి.

రెండో పాటలో నా ఫోన్ వణికింది. హిమేనా. పైన ఈ నెలలోనే పెట్టిన సెన్సర్ పిడుగుకు పోయింది, శిఖరం మీద కుండపోత, మీ పెట్టెలో మీరు తప్ప ఏమీ కనపడటం లేదు, రెండు నిమిషాలు ఆగితే చాలు, ప్లీజ్ అని రాసింది. ఊరికే మోగించేయొచ్చు కదా అని రాశాను. ఏప్రిల్‌లో అలా మోగిస్తే ఏమీ రాలేదని మీవాళ్ళు సైరన్ వైర్లు కోశారు, మళ్ళీ వేశాక ఖాయంగా తెలియకుండా మోగించొద్దని పైవాళ్ళ ఆర్డరు అంది. నిజమే. కోసింది ఎవరో కూడా నాకు తెలుసు.

తలుపు దగ్గరున్న డీకన్‌కు ఫోన్ చూపించాను. సిస్టర్, మీరు క్రమశిక్షణలో ఉన్నారు, కూర్చోండి అన్నాడు. చదవమన్నాను. కళ్ళజోడు తేలేదన్నాడు. మైకు దగ్గరికి నన్ను ఎవరూ పోనివ్వరు. అరిచినా ఆ స్పీకర్ల ముందు ఎవరికి వినపడుతుంది?

క్రమశిక్షణలో ఉన్న మనిషి ముందుకు నడవడానికి ఒకే ఒక్క కారణం ఉంటుంది: పశ్చాత్తాపం. అందుకు ఎవరూ అడ్డుపడరు, దారి ఇస్తారు.

నడిచాను. దారి ఇచ్చారు. వేదిక ముందు మోకరించాను. ఒక్క మాట కూడా అనలేదు. మిసాయెల్ నన్ను చూసి పాట ఆపేశాడు.  సిస్టర్ ఒతీలియా లొంగింది, సంఘమా, మోకాళ్ళ మీదికి, ఒక్క పాదం కదలకూడదు, ఈ తల్లి కోసం ప్రార్థించండి అన్నాడు. అబ్దీయాస్ కర్రలు వదిలేసి ఏడుస్తూ మోకరించాడు. మూడు సంఘాలూ మోకరించాయి. ఎవేలియో తెల్ల ప్యాంటుతోనే.

తెర మీద గీత పడిపోయింది. తిన్నగా, సన్నగా సాగాలి. సాగలేదు. సన్నగా వణుకుతూనే ఉంది, ఆగకుండా, కొంచెం కొంచెంగా లావెక్కుతూ. అందరూ కళ్ళు మూసుకున్నారు. చూసింది నేనొక్కదాన్నే.

సైరన్ మోగింది. అది స్పీకర్ల నుంచి వస్తోందనుకుని కొందరు ఆమెన్ అన్నారు. నేను లేచి, వాగు, బురద వస్తోంది, అబ్దీయాస్ పరిగెత్తు అని అరిచాను. అప్పుడు అందరికీ వినపడింది.

మేము దిగేసరికి పని అయిపోయింది. కతోలిక్ గుడి గంటలు చూసుకునే దోన్ చెపె, నోయెమీ పక్కింటాయన, సైరన్ మొదటి కూతకే ఆమెను మంచంతో సహా పికప్‌లోకి ఎక్కించాడు. కేయ్లా కోడిని కూడా తెచ్చుకుంది. నాలుగు ఇళ్ళు పోయాయి. నోయెమీ వంటగదిలో బురద కిటికీ దాకా ఉంది, ఇంకా ఆవిరి వస్తోంది. మనుషులు ఎవరూ పోలేదు.

ఎవరూ పోలేదు.

జూన్ 21, బుధవారం

మళ్ళీ కోపం. ఈసారి ఎక్కువ.

నా క్రమశిక్షణ ఎత్తేశారు. ఒక మొండి హృదయం విరిగింది, ఆ క్షణమే దేవుడు సైరన్ మోగించాడు అని మిసాయెల్ ప్రకటించాడు. వాట్సాప్ నిండా మోకరించిన నా వీపు ఫొటో. మూలన ఎవేలియో ముఖం. తాను గెలిస్తే ప్రతి మందిరానికీ ఒక సెన్సర్ ఇస్తాడట, ఎవరి ఆరాధన ఎంత బలమైనదో కొలుచుకోవడానికి! ఆదివారం ఓటింగు. ఆ ఉదయం ఆరాధనలో నేను పశ్చాత్తాపం గురించి సాక్ష్యం చెప్పాలట.

నోయెమీ ఇప్పుడు నా మంచం మీద ఉంది. వదిలేయ్ అమ్మా, బతికాం కదా, మళ్ళీ ఆ చివరి బెంచీ ఎందుకు, ఏదో నాలుగు ముక్కలు చెప్పి దిగిపో అంది. దాని చేయి పొట్ట మీద ఉంది. దాని కాళ్ళ కింద దిండు సర్దాను.

దానికి జవాబు ఇక్కడ రాస్తాను. సైరన్ నా పశ్చాత్తాపానికి మోగిందని వీళ్ళు నమ్మితే, వచ్చే వానకు ఆగరు. పశ్చాత్తాపపడటానికి ఇంకో ముసలిదాన్ని వెతుకుతారు.

జూన్ 23, శుక్రవారం

జరగవలసినవి:

1. అక్టోబరు దాకా డ్రమ్ము బడి మైదానంలో. అబ్దీయాస్ ఒప్పుకున్నాడు. తానే మోస్తాడు.

2. దోన్ చెపె ఇంటికి వెళ్ళి కృతజ్ఞతలు చెప్పాలి. ఆయన గుడిలో ఉంటే గుడిలోకే వెళ్ళాలి.

3. హిమేనా దగ్గర పనిచేసే కుర్రాడు ఒక ఆదివారం మా ఆరాధనకు రావాలి. మొదటి నుంచి చివరిదాకా కూర్చోవాలి.

4. ఓటు. ఎవరికి వేయనో దేవుడికి తెలుసు, ఎవేలియోకూ తెలుసు.

5. రేపు తలుపు వేసుకుని మోకరించాలి. సంఘం నన్ను నమ్మి ఏడ్చింది. వాళ్ళను అలా నమ్మించినందుకు దేవుణ్ణి క్షమాపణ అడగాలి.

6. ఆదివారం సాక్ష్యం. నాలుగే వాక్యాలు: నేను పశ్చాత్తాపంతో మోకరించలేదు. రెండు నిమిషాలు మీ కాళ్ళు ఆగాలని మోకరించాను. మీరు ఆగారు. అందుకే నా కూతురు బతికింది.