మా బిడ్డ స్కానింగు తారీఖు ముందుకు జరుపుట గురించి

అయ్యా,

మా బిడ్డ అనుపమకు కడుపు పండింది! పెళ్ళయిన పదకొండేండ్లకు, అందరం ఆశ వదులుకున్నాక పండింది. అయిదో నెల నడుస్తున్నది. జిల్లా వైద్యాధికారి గారికి రాసే అర్జీలో ముందు విషయం రాయాలని తెలుసు గాని, కలం ఆగలేదు. మన్నించగలరు.

విషయం: పై గర్భస్థ శిశువు చేతులు, కాళ్ళు సక్రమముగా ఉన్నవో లేవో చూచు స్కానింగు తారీఖును ముందుకు జరుపుట గురించి.

నా పేరు కుర్మయ్య, వయసు అరవై ఎనిమిది, చదువు ఏడో తరగతి, నివాసం శంషాబాద్ మండలం. విమానాశ్రయానికి పోయే రోడ్డు నడుమ పూలచెట్లకు నీళ్ళు పోసే పని. తమ సముఖమునకు విన్నవించుకొనునది ఏమనగా:

1. తప్పు నాది కనుక ముందు అదే రాస్తున్నాను. బిడ్డ నెల తప్పిందని తెలిసిన రోజే మా దగ్గరి దవాఖాన గోడ మీద చదివాను: "గర్భిణులు రక్తం పట్టుటకు కార్జం, గుడ్లు, ఆకుకూరలు తినవలెను." ఎంత తినాలో గోడ మీద లేదు. దినమూ పావుకిలో మేక కార్జం తెచ్చి, మిరియాలు వేసి నేనే వండి తినిపించాను. అది చాలదన్నట్టు చేప కార్జపు నూనె గోళీలు పొద్దున రెండు, మాపున రెండు. "నాయినా, వాసనకే కడుపుల తిప్పుతున్నది" అని బిడ్డ మొత్తుకుంటే, "ముక్కు మూసుకొని మింగు తల్లీ, నీ కోసమా ఏంది, లోపలున్నదాని కోసం" అన్నాను. ఆరు వారాలు ఒక్క దినం తప్పలేదు.

2. మూడో నెలలో ఊరికి క్యాంపు వచ్చింది. ప్రియదర్శిని అనే డాక్టరమ్మ ఏం తింటున్నావమ్మా అని బిడ్డను అడిగితే, నేనే ముందుకు పోయి గొప్పగా అంతా చెప్పాను. ఆమె కలం పక్కన పెట్టారు. కార్జంలోనూ ఆ నూనెలోనూ విటమిన్ 'ఎ' మెండుగా ఉంటుందట. తక్కువైతే కళ్ళకు చేటు, మితిమీరితే కడుపులో పిండానికి చేటు. అయిదో వారం నుంచి ఎనిమిదో వారం దాకా పిండానికి చేతులు, కాళ్ళు మొలకల్లాగ పొడుచుకొస్తాయట. ఏ ఎముక ఎక్కడ, ఏ వేలు ఎటు అన్నది అప్పుడే కుదురుతుందట. సరిగ్గా ఆ వారాల్లోనే నేను కుక్కి కుక్కి పెట్టాను. "చాలామందికి ఏమీ కాదు పెద్దాయనా, భయపడకండి. కానీ అయిదో నెలలో స్కానింగు చేసి చూడాలి" అని చిట్టీ రాసిచ్చారు. యూరియా గుప్పెడు ఎక్కువైతే మొక్క మాడుతుందని కొత్త కూలీలకు నేర్పేవాడిని అయ్యా నేను! సొంత బిడ్డ దగ్గర ఆ తెలివి ఏమైందో.

3. ఆ డాక్టరమ్మ బదిలీ అయిపోయారు. చిట్టీ మీద దవాఖాన ముద్ర లేదు. ఇక్కడ అడిగితే, ఆధార్ అత్తగారి ఊరిది, అక్కడికి పొమ్మన్నారు. అక్కడికి పోతే, గర్భిణి కార్డు మీ ఊళ్ళో రాశారు కనుక మళ్ళీ ఇక్కడికే పొమ్మన్నారు. బయటి స్కానింగు సెంటరు వారు ముద్ర లేనిదే మిషను ముట్టుకోము అన్నారు. ఆరుసార్లు తిరిగిన మీదట ఇక్కడి దవాఖానలో ఇచ్చిన తారీఖు చూస్తే, అప్పటికి బిడ్డకు ఏడో నెల.

4. ఆ మాటే దవాఖాన కిటికీ దగ్గర చెప్పాను. లోపలి గుమాస్తా అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను:

"గింత పరేషానెందుకు బాపు? బిడ్డ యాడికి పోతది, కడుపులనే ఉంటది గద!"

"సారూ, కాలు చెయ్యి మంచిగున్నయని తెలిస్తే మా పిల్ల ఇంత అన్నం తింటది."

"ఆడనా మగనా తెల్సుకునే ఉపాయమా గిది? ముసలోళ్ళ వేషాలు మాకెర్కలేవా?"

వెనుక నిలబడ్డవాళ్ళు నవ్వారు. అయ్యా, ఆడపిల్లో మగపిల్లవాడో నాకు చెప్పనక్కర లేదు, నేను అడగను. వేళ్ళు లెక్కపెట్టి చెప్పండి, చాలు.

5. అనుపమ నా చేతి ముద్ద తినడం మానేసింది. కోపం కాదు, "ఆకలి లేదు నాయినా" అంటుంది. నా భార్య పోచమ్మ మాత్రం దాచుకోదు: "బోనాలకు వేటపోతును మేపినట్టు మేపినవ్ గదయ్యా!" అల్లుడు నరేందర్ విమానాల్లో సామాను ఎక్కిస్తాడు. డ్యూటీ దిగి మా ఇంటికొచ్చి బిడ్డ పక్కన కాసేపు కూర్చుంటాడు, నా దిక్కు చూడకుండానే వెళ్ళిపోతాడు. నాకైతే ఏడుపు, సంతోషం ఒకేసారి ముంచుకొస్తున్నవి. పైపు పట్టుకొని ఒక్కడినే నవ్వుకుంటుంటే, ఎండదెబ్బ తగిలిందని తోటి కూలీలు నన్ను నీడకు లాక్కుపోయారు.

కావున తమరు దయయుంచి, సదరు చిట్టీ మీద ముద్ర వేయించి, ఈ నెల దాటకముందే స్కానింగు జరిగేటట్టు ఉత్తర్వు ఇప్పించ ప్రార్థన. ఆ గోడ మీద కూడా, మొదటి మూడు నెలలు డాక్టరును అడగనిదే కార్జం, ఆ నూనె గోళీలు వద్దని ఒక్క వరుస రాయించండి. సున్నం, రంగు నేను తెస్తాను. నాలాగ గోడను నమ్మేవాళ్ళు ఊళ్ళో ఇంకా ఉన్నారు.

చదువు తక్కువవాడి రాతలో తప్పులు మన్నించి, గోడు మాత్రము పూర్తిగా చిత్తగించవలెను.

తమ ఉత్తర్వుకు కాచుకొని ఉన్న విధేయుడు,
కుర్మయ్య

తా.క.: దిష్టి తగులుతుందని ఇంటివాళ్ళకు, వియ్యపురాలికి తప్ప చుట్టాల్లో ఎవరికీ చెప్పలేదు. చెప్పకుండా ఉండటం నా వల్ల కావడం లేదు. రిపోర్టు వచ్చిన రోజే కబురు చేయవలసినవారి పేర్లు రాసి పెట్టుకున్నాను. వేళ్ళు తక్కువ వచ్చినా ఈ పేర్లలో ఒక్కటీ తగ్గదు.

మా అక్క దుర్గవ్వ, హిమాయత్ సాగర్. చెవులు వినపడవు, గట్టిగా చెప్పాలి.

బావమరిది మల్లేశ్వర్, బాలాపూర్. వినాయక చవితి వచ్చిందంటే "ఈ ఏడన్నా ఏమన్నా విశేషమా బావా" అని నలుగురిలో అడిగేవాడు. ఇప్పుడు అడగమనాలి.

మేనకోడలు ప్రసన్నలక్ష్మి. తన పిల్లల ఉయ్యాల ఎవరడిగినా ఇవ్వకుండా అనుపమ కోసం దాచిపెట్టింది.

తమ్ముడు బాలమల్లు. పదకొండేండ్లలో ఒక్కసారి కూడా అడగలేదు. వాడికి ఫోను వద్దు, నేనే పోతాను.