చుక్కలు పెట్టిన చోట

సికింద్రాబాద్,
14 అక్టోబరు 1982, గురువారం.

కాంతమణికి డోరా వందనాలు.

మేమిక్కడ దేవుని దయవల్ల క్షేమం, అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను అని రాయబోయి ఆగాను. నువ్వు క్షేమంగా లేవని తెలిసీ అలా రాస్తే అది మర్యాద కాదు, ఎకసెక్కం. మా అమ్మ ఉబ్బసం అలాగే ఉంది. బడిలో నీ కుట్టు క్లాసు ఇంకా ఎవరికీ ఇవ్వలేదు, గదికి తాళం వేసి ఉంచారు. మీ పాప సుబ్బులు రోజూ బడికి వస్తోంది. జడలు మీ అత్త దేవమ్మ వేస్తోంది కాబోలు, ఒకటి పైకీ ఒకటి కిందికీ ఉంటున్నాయి. నన్ను చూస్తే మాత్రం పిల్ల పక్కకి తప్పుకుంటోంది. ఇంట్లో ఏం చెప్పారో మరి.

సోమవారం నీ కార్డు అందింది. ఈ ఆదివారం భువనగిరిలో మీ అమ్మగారింట్లో పెద్దమనుషులు కూర్చుంటున్నారనీ, జంగయ్య నిన్ను ఏలుకుంటాడో వదిలేస్తాడో ఆ రోజే తేలిపోతుందనీ, నేనొచ్చి నీ సంచిలో దొరికిన ఆ కాగితం నా కథ కోసం రాసిందేనని ఒక్క మాట చెబితే చాలనీ రాశావు. ఒక్క మాటకి జవాబు రాయడానికి నాలుగు రోజులు తీసుకున్నాను. తిట్టుకో, పడతాను.

ముందు ఇంకో సంగతి చెప్పనీ. ‘మృదుల’ పేరుతో నేను వారపత్రికలో రాసిన సీరియల్‌ని విజయవాడలో నరసరాజు గారనే ఆయన పుస్తకంగా వేస్తానంటున్నారు. ఒక్కటే షరతు. పన్నెండో భాగంలో భార్యాభర్తలు తలుపు మూసుకోగానే చుక్కల వరుస పెట్టి తప్పించుకున్నారమ్మా, పుస్తకం కొన్నవాడికి అలా చుక్కలు చూపిస్తే ఊరుకుంటాడా, అక్కడ రెండు పేజీలు శృంగారం రాసివ్వండి అని ఉత్తరం రాశారు.

పది రోజులు కూర్చున్నాను. వెన్నెల రాశాను, మల్లెలు రాశాను, వణికే పెదవులు, వేడి ఊపిరి, అన్నీ రాశాను. ఛీ! చదువుకుంటే నాకే అసహ్యం వేసింది. ఒళ్లు తప్ప అందులో మనుషులే లేరు. నీ కాగితం ముందు పెడితే నాదే బూతులా ఉంది కాంతా. ఇన్నాళ్లూ నీకు హద్దులు నేర్పిన పంతులమ్మని నేను!

మధ్యాహ్నం గంట కొట్టగానే నీ కుట్టు గదిలో డబ్బాలు విప్పుకుని కూర్చునేవాళ్లం గుర్తుందా? నేను వాళ్లు తలుపు మూసుకునే దాకా రాసి తెచ్చేదాన్ని. ఏందీ టీచరమ్మా, గీడనే ఆపినవ్, పెండ్లైనోళ్లే గదా, జెర లోపలికి పోనియ్ వాళ్లను అని నవ్వేదానివి. మెడ కింద ఏదీ రాయకూడదని నేను పెట్టుకున్న నియమం చెబితే కడుపు పట్టుకుని నవ్వావు. ముద్దు చిన్నపిల్లలు సుత రాస్తరు, ముద్దుకు ముందుగాల ఏమైతదో గది రాయాలె అన్నావు. పెళ్లి కాని నాకేం తెలుసు? రవికల కొలతలు గీసే బ్రౌన్ కాగితం చింపి నువ్వే రాసిచ్చేదానివి, ఎప్పుడూ ‘నేను’ అనే రాసేదానివి. ‘ఆమె’ అని రాయమంటే పరాయిదాని ముచ్చట నాకెందుకు అనేదానివి. ‘ఆమె’ అని మార్చుకుని, సగం కొట్టేసి, నా పేరుతో పంపేదాన్ని.

ఆ పన్నెండో భాగానికి నువ్వు రాసిన కాగితం నాకిప్పటికీ కంఠతా వచ్చు. మొగుడు డ్యూటీ దిగి వస్తాడు. ఆమె చేతుల నిండా రుబ్బిన పిండి. చెంబుతో నీళ్లు పోస్తూ ఒక్కో వేలూ కడుగుతాడు. పదో వేలు అయిపోయాక ఆమె మళ్లీ మొదటి వేలు చాపుతుంది. అంతే. మెడ కింద ఏదీ లేదు, మెడ కూడా లేదు. అయినా చదివి నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను, చాలాసేపు నీ మొహం చూడలేకపోయాను. ఆ సిగ్గులోనే అన్నాను, ఇది మరీ ఎక్కువైంది, ఇంటికి తీసుకెళ్లి తగ్గించి రాసుకురా అని.

తగ్గించడానికేముందని అందులో! నా మాటకి తలూపి సంచిలో పెట్టుకుని వెళ్లావు. ఆ వారం గడువు ముంచుకొచ్చి, నువ్వు తెచ్చేదాకా ఆగకుండా నేను చుక్కలు పెట్టి పంపేశాను. ఆ భాగం అచ్చయి వచ్చిన శనివారమే నీ సంచిలో ఉండిపోయిన కాగితం జంగయ్యకి దొరికింది. టీచరమ్మ కథకు రాసిన అని నువ్వు వారపత్రిక తెచ్చి చూపిస్తే అందులో ఏముంది? చుక్కలు. నేను ఎన్నడన్న నీ చేతులు కడిగిన్నా, మరెవడు కడిగిండే అని అడిగాడటగా. నువ్వు కార్డులో రాసిన ఆ ఒక్క వాక్యం చదివి నేను అన్నం తినలేకపోయాను. ఎవడూ కడగలేదు కాబట్టే నువ్వు అంత బాగా రాశావని ఆ మనిషికి ఎవరు చెప్పాలి?

జంగయ్య నన్ను అడగనే లేదనుకుంటున్నావు. అడగడానికి వచ్చాడు. ఆ శనివారం తర్వాత వచ్చిన సోమవారమే బడి గేటు దగ్గర నిలబడ్డాడు. హెడ్‌మిస్ట్రెస్ గారు నా పక్కనే ఉన్నారు, నోరు విప్పలేకపోయాను. అతను కాసేపు చూసి వెళ్లిపోయాడు. అప్పుడు పరిగెత్తుకెళ్లి ఆపాల్సింది. ఆపలేదు.

ఇప్పుడు పుస్తకంలో నీ కాగితమే వేయమని నరసరాజు గారికి రాశాను, ఒక్క అక్షరం మార్చకుండా. ఆయన కోరిన శృంగారం అది కాదేమో, ఇష్టమైతే వేస్తారు, లేకపోతే మానేస్తారు. కానీ పుస్తకం వేసవికి గాని రాదు, నీకేమో గడువు ఆదివారం.

ఆదివారం నేను రాలేను కాంతా. ఆ రోజు మాకు ప్రభు భోజన సంస్కారం, హార్మోనియం వాయించేది నేనే. అమ్మని ఒంటరిగా వదల్లేను. పైగా మా సంఘ పెద్ద జకర్యా గారు మొన్ననే, విశ్వాసుల ఇళ్లలో ఈ వారపత్రికలు ఉండకూడదని గట్టిగా చెప్పారు. మృదుల ఎవరో తెలిస్తే బడివాళ్లు ఉద్యోగంలోంచి తీసేస్తారు, ఉద్యోగంతో పాటు ఈ క్వార్టరూ పోతుంది. ఈ వయసులో అమ్మని తీసుకుని ఎక్కడికి పోను? నీకు ఇల్లే పోతుంటే నేను నా క్వార్టరు లెక్క చెబుతున్నాను. నాకు సిగ్గు లేదని నీకు తెలుసు, రాసి మరీ చెబుతున్నాను.

ఆరోగ్యం చూసుకో. అన్నం మానకు. మీ అమ్మగారికి నా నమస్కారాలు.

ఎప్పటికీ నీ స్నేహితురాలినని చెప్పుకునే ధైర్యం లేని,
డోరా.

తా.క.: కవరు అంటించి మళ్లీ చింపాను. హెడ్‌మిస్ట్రెస్ గారు పక్కనే ఉన్నారని పైన రాశాను. లేరు. గేటు దగ్గర జంగయ్యా నేనూ తప్ప పురుగు లేదు. అతను కోపంగా కూడా రాలేదు. కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులోంచి తీసి, టీచరమ్మా, గిది మీ కత ముచ్చటనే అని ఒక్క మాట చెప్పున్రి, గీడనే చింపేసి ఇంటికి పోత, మా కాంతను మల్ల ఒక్క మాట అడగ అన్నాడు. చేతులు జోడించి అడిగాడు. నేను కథలూ గిథలూ రాయను, ఇలాంటి పాడు కాగితం పెళ్లికాని దానికి చూపించడానికి సిగ్గు లేదా అని కేకలేశాను. తప్పైంది, పరేషాన్ చేసిన అని తల వంచుకుని వెళ్లాడు. ఆ సాయంత్రమే నిన్ను బస్సెక్కించాడు.

ఈ ఉత్తరం ఎక్స్‌ప్రెస్ డెలివరీలో వేస్తున్నాను, శనివారానికి అందుతుంది. దాచుకోకు. పెద్దమనుషుల ముందు జంగయ్య చేతే చదివించు. మృదులని నేనేనని ఒప్పుకుంటూ ఈ కాగితం వెనక నా పూర్తి పేరు, బడి పేరు రాసి సంతకం పెట్టాను. ఎవరికి చూపించినా సరే. నీ మాట నమ్మాలనే వచ్చాడు కాంతా అతను. నేనే నమ్మనివ్వలేదు.