చుట్టూ తిరిగిన పడవ

కోల్డ్ ఫోర్క్, అలబామా
ఆగస్టు 1983

చిరంజీవి రాండల్‌కు,

అమ్మ ముద్దులు. ఇక్కడ మేమిద్దరం పూటకింత తింటూ, రోజు గడుపుకుంటూ ఉన్నాం. జర్మనీలో ఆ సైన్యం తిండి తింటూ నువ్వు కూడా కులాసాగానే ఉన్నావని తలుస్తాను.

నువ్వు అడిగినవాటికి జవాబులు. మొక్కజొన్న బాగా వచ్చింది. నీ కుక్క మళ్ళీ పాస్టరుగారి కోడిని పట్టింది. ఆదివారం ప్రసంగంలో ఆయన దాన్ని పేరు పెట్టి మరీ తిట్టారు. ఇక, నాన్న ఎందుకు రాయడం లేదన్నావు. అది చెప్పాలంటే పోయిన నెలలో ఒక సాయంత్రం సంగతి చెప్పాలి.

ఆ సాయంత్రం నాన్న నన్ను కూడా నీ పడవలో బాస్ చేపలకు తీసుకెళ్ళాడు. గాలి లేదు. సరస్సు నూనె పోసినట్టుంది. పడమట ఆకాశం ఆకుపచ్చగా కమిలింది. కప్పలు సైతం నోరు మూసుకున్నాయి. చేపలు మాత్రం పిచ్చెక్కినట్టు ఎరల మీద పడుతున్నాయి.

"ఇంటికి పోదాం బర్ల్. ఆ ఆకాశం నాకు నచ్చలేదు."

"దాన్నేమన్నా పెళ్ళి చేసుకోమన్నానా పిల్లా? ఇంకొక్కటి పడనీ."

ఇంకొక్కటి, ఇంకొక్కటి అంటుండగానే ఉరిమింది. అప్పుడు హడావిడిగా ఇంజను వేశాడు. మనిషి పడిపోతే ఇంజను ఆపే తాడు ఉంది కదా, అది తగిలించుకోమన్నాను. "తాడు కట్టడానికి నేనేమన్నా కుక్కపిల్లనా?" అన్నాడు.

పాత తోట మునిగిన చోట నీళ్ళ కింద మోడు తగిలింది. పడవ ఎగిరిపడింది. నేను అడుగున బోర్లాపడ్డాను. తలెత్తి చూస్తే పడవ తిప్పే చక్రం దగ్గర మనిషి లేడు.

పడవ ఆగలేదురా. చక్రం ఒక పక్కకు మెలితిరగడంతో, నీళ్ళలో పడ్డ మీ నాన్న చుట్టూ పడవ తిరగడం మొదలుపెట్టింది. చుట్టు చుట్టుకీ ఆయనకు దగ్గరవుతోంది.

"తాళం! ఇమోజీన్, తాళం తిప్పు!"

నిలబడితే విసిరికొడుతోంది. పాక్కుంటూ వెళ్ళాను. ఆయన తల సరిగ్గా ఎదురుగా కనబడింది, మునిగింది. పడవ, వెనక తిరిగే ఇంజను రెక్కలతో సహా, ఆ చోటు మీదుగానే పోయింది. మళ్ళీ తిరిగేలోపు తాళం చేతికి దొరికింది.

ఇంజను ఆగింది. పిలిచాను, పలకలేదు. వాన మొదలైంది. చాలాసేపటికి వెనకవైపు దగ్గు వినబడింది. ఎడమచేత్తో పడవ అంచు పట్టుకుని, కుడిచెయ్యి పైకెత్తాడు.

"ఎన్నున్నాయో చూడు. నాకు చూడబుద్ధి కావట్లేదు."

మూడు వేళ్ళే ఉన్నాయిరా. అందుకే ఉత్తరాలు రాయడం లేదు. "వాడికి చెప్పకు, తన పడవని తిట్టుకుంటాడు," అని నాచేత ఒట్టు వేయించుకున్నాడు. ఆ ఒట్టు ఇప్పుడు తప్పుతున్నాను.

చెయ్యి మానుతోంది. నా భయం చెయ్యి గురించి కాదు. పడవ కింద మునిగి ఉన్నంతసేపూ, ఆ విసురుకు నేనూ పడిపోయాననే అనుకున్నాడట. పొద్దువాలితే ఇంట్లో దీపాలన్నీ వేస్తాడు. నేను పక్క కుర్చీలోనే అలసందలు ఒలుస్తుంటానా, "ఇమోజీన్, ఎక్కడున్నావ్?" అని అరుస్తాడు. "ఇక్కడే" అంటాను. చెయ్యి పట్టుకుంటే గానీ నమ్మడు.

నిన్న చెయ్యి పట్టుకున్నా నమ్మలేదు.

సెలవు దొరికితే రా. చేపల కోసం కాదు.

ఇట్లు,
నీ దారి చూస్తున్న
అమ్మ