అరచేయంత మొహం తుడుచుకొనుటకు అనుమతి కోరుతూ

పారిస్, బాతిన్యోల్ పేట,
1877 ఏప్రిల్ 24, మంగళవారం.

వార్షిక చిత్ర ప్రదర్శన కార్యాలయపు అధికారి గారి సముఖమునకు, పింగాణీ పళ్ళేల మీద బొమ్మలు వేసి జీవించు ఒనొరే లకోంబ్ వ్రాసుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: ఈ ఏటి ప్రదర్శనకు అంగీకరింపబడిన "బట్టలు ఆరేస్తున్న యువతి" అను తైలవర్ణ చిత్రము – అందలి మొహము – సదరు మొహమును తుడిచివేయుటకు అనుమతి కోరుట – గురించి.

తమకు మనవి చేసుకొనునది ఏమనగా,

1. సదరు చిత్రమును వేసినవారు మస్యూ గాస్తాన్ ప్రెవెల్. మా ఇంటి పై అంతస్తులో అద్దెకుంటారు. ఆరుబయట నిలబడి, వెలుగు మారిపోయేలోగా గబగబా వేసేసే కొత్తరకం చిత్రకారుల్లో ఒకరు. తొమ్మిదేళ్ళుగా ఏటా తమకు ఒక చిత్రం పంపుతున్నారు. నిరుటి దాకా ఏటా తమ నిర్ణేతలు వెనుక ఎర్ర ముద్ర కొట్టి తిప్పి పంపారు. ఆ ముద్ర పడ్డ పటాలను ఆయన తన గదిలో చూరు కారే చోట అడ్డం పెట్టుకున్నారు. ఇందులో నాకు ఫిర్యాదేమీ లేదు.

2. చిత్రంలో ఉన్నది మా ఒక్కగానొక్క కూతురు సెలెస్తీన్. నిరుడు ఆగస్టులో మా పెరట్లో దుప్పట్లు ఆరేస్తుండగా వేశారు. ఆ పూట నేను వెళ్ళి చిత్రం మీదికి వంగి చూశాను.

"మొహమేదయ్యా?" అని అడిగాను.

"ఇదే మొహం."

"ఇది మొహమా? నాలుగు మరకలు కొట్టి మొహమంటావేం?"

"దగ్గర్నుంచి మరకలేనండీ. కాస్త వెనక్కెళ్ళి చూడండి."

"మా నాన్న వెనక్కెళ్ళడు," అన్నది మా అమ్మాయి దుప్పటి వెనక నుంచి. "ముక్కు ఆనించి చూసే ఉద్యోగం ఆయనది. నాన్నా, ముందు అడ్డం లే. వెలుగు పోతోందని ఈయన ఇందాకట్నుంచీ ప్రాణం తీస్తున్నాడు."

నేను బొగ్గుల కొట్టు దాకా వెళ్ళి వెనక్కి తిరిగాను. అక్కణ్ణుంచి చూస్తే ఆ నాలుగు మరకలు మా అమ్మాయే. ఎండకు కళ్ళు చికిలించి, నాకు జవాబు చెప్పబోతూ ఉంది. మరకల్లో అంత పనితనం ఉందని ఒప్పుకుంటే మా వృత్తికి తలవంపులని ఊరుకున్నాను.

3. సదరు సెలెస్తీన్ ఫిబ్రవరి 6వ తేదీన, నాలుగు రోజుల ఊపిరితిత్తుల జ్వరంతో కాలం చేసింది. వయసు పంతొమ్మిది. ఫొటో తీయిద్దామనుకుంటూనే ఉన్నాము, తీయించలేదు. తరువాతి సోమవారం నేను పనిలోకి వెళ్ళాను. ఆ వారం చేసిన పళ్ళేల్లో ఒక్కటి కూడా చెడిపోలేదు. ఫోర్‌మన్ మెచ్చుకున్నారు.

4. ఇక అసలు సంగతి. మార్చిలో, ప్రదర్శనకు పంపేముందు, మస్యూ ప్రెవెల్ ఆ చిత్రాన్ని తల్లి చూసుకుంటుందని ఒక వారం మా ఇంట్లో ఉంచారు. మంచిమాటే. అయితే మా భోజనాల గది వెడల్పు ఆరడుగులు, అందులో బల్ల ఒకటి. వెనక్కి వెళ్ళే చోటు లేదు. వారం రోజులు కళ్ళూ ముక్కూ లేని నా కూతురి ఎదురుగా కూర్చుని సూపు తాగాను. ఏడో రోజు, మార్చి 11, ఆదివారం, మా ఆవిడ యూలాలి చర్చికి వెళ్ళి ఉండగా, మస్యూ ప్రెవెల్ మా ఇంట్లో వదిలిన రంగుల పెట్టె తెరిచాను. నా సన్న కుంచె తీసుకుని, మా పనిలో కలిపినట్టే రంగులో లవంగ నూనె కలిపి, మా అమ్మాయికి కనుబొమలు, కళ్ళు, ముక్కు, నోరు పెట్టాను. ఇలా మరకలతో పంపితే తమవారు మళ్ళీ తిప్పి పంపుతారని కూడా నా ఉద్దేశము. నలభై నిమిషాలు పట్టింది. పని చాలా బాగా కుదిరింది. ఆ మాట దాచను.

5. యూలాలి వచ్చి, టోపీ తీసి, చూసింది.

"ఏం చేశారు?"

"పూర్తిచేశాను."

ఆవిడ కూర్చుని బంగాళాదుంపలు చెక్కు తీసింది. ఇద్దరికి కావలసిన వాటి కంటే చాలా ఎక్కువ తీసింది. బుట్ట ఖాళీ అయ్యాక అన్నది: "ఇది మన పిల్ల కాదండీ. మీ పళ్ళేల మీది గొల్లపిల్ల."

మర్నాడు కార్ఖానాలో ఆరబెట్టిన పళ్ళేల వరస ముందు నిలబడి చూశాను. ఆవిడ అన్నది నిజము. పద్నాలుగో ఏట మా మేస్త్రీ నాకు ఆరు గీతల్లో ఆడమనిషి మొహం నేర్పారు. అప్పట్నుంచి గొల్లపిల్లకైనా, రాణికైనా, దేవదూతకైనా నా చెయ్యి ఆ ఆరు గీతలే గీస్తుంది. మా అమ్మాయికీ అవే గీసింది. అంతకంటే ఘోరమేమిటంటే, ఆనాటి నుంచి కళ్ళు మూసుకుంటే నాకు ఆ గొల్లపిల్లే కనిపిస్తోంది. మా సెలెస్తీన్ రావడం లేదు. ఏడుపు కూడా రావడం లేదు. నాకు ఏమీ అనిపించడం లేదయ్యా. పొద్దున లేచి వెళ్ళి ఆరు గీతలు గీసి వస్తున్నాను.

6. ఈ చిత్రమును తమ నిర్ణేతలు ఆమోదించారు. కాఫీ హోటల్లో మస్యూ ప్రెవెల్ స్నేహితులు ఆయన్ను చూడగానే లేచి నిలబడి, "రండి, అకాడమీ వారు వేంచేశారు, కుర్చీ తుడవండి" అని వెక్కిరిస్తున్నారట. నేను పైకి వెళ్ళి జరిగింది చెప్పుకోబోతే, ఆయనకు ముందే తెలుసు.

"చూశాను. ఆఖరి తేదీన తోపుడుబండి మీద తీసుకెళ్ళి, ప్రదర్శన కార్యాలయం గుమ్మం ముందు దుప్పటి తీశాను. వెనకాల మూడొందల మంది బళ్ళతో తోస్తున్నారు. ఏం చెయ్యమంటారు?"

"ప్రదర్శన తెరిచే ముందు, వార్నిషు రోజున, ఆఖరి మెరుగులకని మిమ్మల్ని లోపలికి రానిస్తారుగా. తుడిచెయ్యండి."

"తొమ్మిదేళ్ళండీ. మీరు పెట్టిన మొహం వల్లే లోపలికి పోయింది. అది తుడిస్తే పటం దించేస్తారు. మా అమ్మకి ఉత్తరం రాసేశాను."

ఆయన ఏడ్చారు. ఏడ్చి, మొహం కడుక్కుని, "వేసింది మీరు, తుడిచేదీ మీరే అయితే నేను అడ్డం రాను. నా చేత్తో మాత్రం నేను తుడవలేను" అన్నారు. ఆయన మీద నాకు కోపం లేదు. ఆ మాట నాకు వ్రాసి ఇచ్చారు. జత చేయడమైనది.

7. నిన్న తమ కార్యాలయములో రెండవ కిటికీ వద్ద విచారించితిని.

"మీరు చిత్రకారులా?" అని గుమాస్తా గారు అడిగారు.

"పళ్ళేల మీద."

"పళ్ళేలు ఇక్కడ తగిలించం పెద్దాయనా. వార్నిషు రోజున చిత్రం వేసినవాడికి తప్ప ఎవరికీ ప్రవేశం లేదు."

"మొహం నేనే వేశాను."

ఆయన జాబితా తిరగేసి, ఎవరినో పిలిచి అడిగి, మళ్ళీ వచ్చారు. "దానికేమండీ, ఆ పటంలో చూడదగ్గది ఆ మొహం ఒక్కటే అంటున్నారు మావాళ్ళు. నిశ్చింతగా ఇంటికెళ్ళండి." మంచి మనసుతోనే అన్నారు. నేను కృతజ్ఞతలు చెప్పి వచ్చేశాను.

8. తమ నిబంధనల ప్రకారము, చిత్రకారుడు వార్నిషు రోజున తన పనిని సవరించుకొనవచ్చును. సదరు చిత్రములో అరచేయంత మేరకు చిత్రకారుడను నేనే. కనుక అరచేయంత మేరకు సదరు హక్కు నాకు వర్తించును. మిగతా చిత్రమును ముట్టుకోను. దుప్పట్ల జోలికి పోను.

9. తొందర ఎందుకనగా: లవంగ నూనె కలిపిన రంగు వెంటనే ఆరదు. మా వృత్తిలో అది సౌకర్యము కొరకు. ఆ కారణముచేత నా గీతలు నేటికీ పచ్చిగా ఉంటాయి, కిందివి నిరుడే గట్టిపడ్డాయి. టర్పెంటైను అద్దిన గుడ్డతో మెల్లగా తీస్తే నావి వస్తాయి, ఆయనవి నిలుస్తాయి. కానీ తమ హాలుకు అద్దాల పైకప్పు. ఎండ, జనం ఊపిరి. మే నెల సగానికి నావి కూడా బిగుస్తాయి. పైన వార్నిషు పూశారంటే ఇక అంతే. ఆ తరువాత తుడిస్తే రెండూ కలిసి వస్తాయి.

కావున ఈ నెల 30వ తేదీ వార్నిషు రోజున నాకు పదిహేను నిమిషాలు ప్రవేశము దయచేయ ప్రార్థన. తుడిచిన పిమ్మట తమవారు చిత్రమును దించివేసినచో మస్యూ ప్రెవెల్‌కు నేను ముఖం చూపలేను. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే అడుగుతున్నాను.

అది సాధ్యపడని పక్షములో ఇంకొక మనవి. తమ వద్దకు వచ్చే అర్జీదారులంతా ఎవరి చిత్రాన్ని వారు పైకప్పు దగ్గర నుంచి కళ్ళకెదురుగా దించమని కాళ్ళావేళ్ళా పడతారని విన్నాను. దీనిని మాత్రము అన్నిటికన్నా పైవరసలో, కప్పుకు ఆనించి తగిలించండి. అంత ఎత్తున నా గీతలు ఎవరికీ కనిపించవు.

నా ఈ మనవి తమ చిత్తమునకు వచ్చునని నమ్మి, జవాబుకు కనిపెట్టుకుని యున్నాను.

తమ విధేయుడు,
ఒనొరే లకోంబ్
(అరచేయంత మేరకు చిత్రకారుడు)

తా.క.: పైన ఒక్కడికే అనుమతి అడిగాను. అయ్యా, ఇద్దరికి ఇప్పించండి. ఈ అర్జీ చదివి వినిపిస్తే యూలాలి, "మీ చెయ్యి తుడవదు, మళ్ళీ గీస్తుంది" అన్నది. అదీ నిజమే. గుడ్డ ఆవిడ పట్టుకుంటుంది. నేను హాలు ఆ చివరకు పోయి నిలబడతాను. అమ్మాయి కనపడగానే ఇక ఆపమని చెబుతాను. కనపడకపోతే ఏం చేస్తామని ఆవిడ అడిగింది. తప్పకుండా కనపడుతుందని చెప్పాను. నాకు తెలియదు. ఇద్దరికి ఇప్పించండి.