అది వేరు అన్నాను

ఈస్ట్ కార్విన్, వెర్మాంట్
మార్చి 18

ప్రియమైన కోరాకి,

ఇక్కడ నేనూ కుక్కా కులాసాగా ఉన్నాం. అక్కడ నువ్వూ, టెస్సా, అల్లుడూ, కొత్తగా వచ్చిన మనవరాలూ బాగున్నారని నీ ఉత్తరం చూశాకే నా ప్రాణం కుదుటపడింది. ఆ మోంటానా కొండల్లో ఫోను అందేది ఎప్పుడో గాని, పోస్టు మాత్రం దారి తప్పకుండా వస్తోంది. పిల్ల ముక్కు మీ పుట్టింటివాళ్ళదేనని రాశావు. వారం నిండని పిల్ల ముక్కు మీద అప్పుడే హక్కు రాయించేసుకున్నారన్న మాట. కానీలే, చెవులైనా నావి వచ్చాయేమో టోపీ తీసి చూడు.

నువ్వడిగినవాటికి జవాబులు రాస్తున్నాను. పైపులు గడ్డకట్టలేదు. నువ్వు చెప్పినట్టే రాత్రిళ్ళు కొళాయి సన్నగా కారనిస్తున్నాను. మన రోడ్డు అప్పుడే బురదైపోయింది, పోస్టుమాన్ బండి నిన్న మన గేటు దగ్గరే కూరుకుపోయింది. నువ్వు చేసి ఫ్రీజరులో పెట్టిన సూపులు అలాగే ఉన్నాయి. నేను తినక కాదు. ఈ రెండు వారాల్లో ఊళ్ళోవాళ్ళు తెచ్చిచ్చిన ఆపిల్ పైలు తినలేక చస్తున్నాను. అవెందుకు వచ్చాయో కింద రాస్తాను. వెండెల్ ఫోను ఎత్తడం లేదేమిటని అడిగావు. మేపుల్ చెట్ల రసం తీసి పాకం కాచే రోజులు కదా, పొద్దస్తమానం షెడ్డులోనే ఉంటాడు.

టౌన్ మీటింగు సంగతి వివరంగా రాయమన్నావు. ఊరంతా హాల్లో కూడింది, పొద్దున్నంతా చక్కగానే జరిగింది. మొదటి అంశం ఎప్పటిలాగే సభ నడిపే మోడరేటర్ని ఎన్నుకోవడం. ఎప్పటిలాగే నన్నే ఎన్నుకున్నారు. జీవితమంతా ఆవులకీ గుర్రాలకీ వైద్యం చేసినవాడికి మనుషుల్ని అదుపులో పెట్టడం ఏపాటి అని వీళ్ళ నమ్మకం. మంచు తోసే లారీ కొత్తది కొనాలా, పాతదాన్నే బాగుచేయించాలా అని చాలాసేపు వాదించుకున్నారు. చివరికి డెమొక్రాట్లూ రిపబ్లికన్లూ తేడా లేకుండా కొత్తదే కొందామన్నారు. బడిపిల్లల తల్లిదండ్రులు పెట్టిన భోజనం కూడా బాగుంది. అక్కడితో సభ ముగించి అందరినీ ఇళ్ళకి పంపేసి ఉంటే ఎంత బాగుండేది!

భోజనాల తరవాత 'ఇతర విషయాలు' వచ్చాయి. బడి పంతులుగా చేసి రిటైరైన మన ఎల్లరీ స్ట్రౌడ్ ఒక తీర్మానం పట్టుకొచ్చాడు. వాషింగ్టన్‌లో రిపబ్లికన్లు చేస్తున్నదాన్ని మన ఊరు ఖండిస్తోందని దాని సారాంశం. ఈస్ట్ కార్విన్ ఖండించిందని తెలిస్తే వాషింగ్టన్‌లో ఆ పూట ఎవరికీ తిండి సయించదని ఎల్లరీ అభిప్రాయం. తీర్మానం సంగతి అలా ఉంచు. మన సభలో ఎవరూ ఎవరితోనూ నేరుగా మాట్లాడకూడదు, ఏదున్నా మోడరేటర్‌కే చెప్పాలి. ఎదుటివాడి మాటని ఎంతైనా ఖండించవచ్చు, మనిషిని మాత్రం తిట్టకూడదు. హద్దు దాటితే ఒక హెచ్చరిక, అప్పటికీ వినకపోతే బయటికి. ఈ నియమం మన తాతల నాటిది, అది ఉండబట్టే ఆ హాల్లో ఇంతవరకూ ఎవరి పళ్ళూ రాలలేదు.

ఎల్లరీ లేచి ఏమన్నాడంటే, "మోడరేటర్ గారూ, ఆ పార్టీకి ఓటేసిన మహానుభావులు ఈ హాల్లోనూ ఉన్నారు. వాళ్ళకి చెప్పి లాభం లేదండీ. గొర్రెలకి కాపరి ఎవడైతేనేం, ఎటు తోలితే అటు పోతాయి. ఒకళ్ళని ద్వేషించడం తప్ప ఇంకేమీ తెలియదు పాపం. ఆ ఇళ్ళల్లో పెరుగుతున్న పిల్లల్ని చూస్తేనే నాకు జాలి."

హాలంతా నవ్వింది. బల్ల మీద కొట్టి సభని ఆపే సుత్తి నా చేతిలోనే ఉంది. "ఎల్లరీ, కాస్త త్వరగా తేల్చు బాబూ" అన్నాను, అంతే.

వెంటనే అవతలి పక్షంలో ఒకడు ఒంటికాలి మీద లేచాడు. "మోడరేటర్ గారూ, మమ్మల్ని గొర్రెలంటున్న ఈ పెద్దమనుషులే దేశాన్ని అమ్ముకు తింటున్నారు. దేశద్రోహులు, అందరూ దేశద్రోహులే!"

అతని నోట్లో మాట నోట్లో ఉండగానే సుత్తి కొట్టాను. "మనుషుల్ని తిట్టకూడదు. ఇది హెచ్చరిక" అన్నాను.

"మరి ఆయన్నెందుకు ఆపలేదు?"

"అది వేరు" అన్నాను.

"ఎలా వేరో చెప్పు."

"ఆయన సరదాకి అన్నాడు. కూర్చో."

"నా పిల్లల మీద జాలిపడితే సరదానా? నేనంటే తిట్టా? అది చెబితే గాని కూచోను!"

 చెప్పడానికేమీ లేనప్పుడే కదా మనిషికి అధికారం గుర్తొచ్చేది. కానిస్టేబుల్ లైల్‌ని పిలిచాను. లైల్ గుమ్మం దగ్గర బల్లేసుకుని ఊరికి ఫైరింజను కొనడం కోసం లాటరీ టికెట్లు అమ్ముకుంటున్నాడు. నన్నేనా అన్నట్టు అటూ ఇటూ చూసి, మొహం వేలాడేసుకుని వచ్చాడు. లైల్ తన మీద చెయ్యి వేసేదాకా ఆ మనిషి ఆగలేదు. టోపీ పెట్టుకుని తనే వెళ్ళిపోయాడు. వెనకాల చప్పట్లు మొదలయ్యాయి. మన సభలో చప్పట్లు కూడా నిషేధమే. నేను ఆపలేదు.

ఆ ఆపిల్ పైలు వచ్చింది అందుకే. ఎల్లరీ అయితే నన్ను కావలించుకుని, "ఇన్నాళ్ళకి ఒకడు వెన్నెముక ఉందని చూపించాడురా" అన్నాడు. పక్కింటి ఫిలిస్ నీకు రాయనే రాసిందిగా. నీ ఉత్తరంలో నువ్వేం రాశావో చూడు. "మొత్తానికి ఒకణ్ణి బయటికి గెంటించావట. అతని పేరు ఫిలిస్ రాయలేదు, నిన్నే అడగమంది. ఎవడైతేనేం, తగిన శాస్తి జరిగింది. ఆ పార్టీవాళ్ళకి ఎవరో ఒకరు ఎప్పుడో చెప్పాల్సిన పాఠం ఇది." ఈ వాక్యాలు చదివినప్పటి నుంచి నీకు జవాబు రాయాలని కూచోవడం, కుక్కని తిప్పాలని వంక పెట్టుకుని లేవడం. కుక్కకి కూడా నా నడకలు విసుగొచ్చాయి.

పేరు చెబుతాను కోరా. వెండెల్. నీ తమ్ముడు.

ఫోను ఎత్తకపోవడానికి కారణం పాకం కాదు. "ఎలా వేరో చెప్పు" అన్నాడని పైన రాశాను కదా, నిజానికి అతనన్నది "ఎలా వేరో చెప్పు బావా" అని. ఆ ఒక్క మాట అక్కడ రాయడానికి చెయ్యి రాలేదు. ఎల్లరీ జాలిపడ్డది నీ మేనల్లుళ్ళని చూసి. దానికి హాలంతా నవ్విందని రాశాను, నేనూ నవ్వాను. పళ్ళు కనబడేలా నవ్వాను. అప్పుడు వెండెల్ ఎల్లరీని చూడ్డం లేదు, నన్నే చూస్తున్నాడు. అన్నిటికన్నా సిగ్గుచేటైన సంగతి, ఆ చప్పట్లు నాకు బాగున్నాయి. వెళ్ళిపోతున్నది మనింటి మనిషి అని తెలుస్తూనే ఉంది, అయినా చప్పట్లు బాగున్నాయి. టీవీలో వాళ్ళవాళ్ళు ఒక మాటంటే నేను ఇంతెత్తున లేస్తాను, మనవాళ్ళు అదే మాటంటే బాగా చెప్పాడంటాను. ఆ రోగం టీవీ ముందు ఉండిపోతుందనుకున్నాను, నాతోపాటు హాలుకి వచ్చింది.

నువ్వు అలా రాశావని నీ మీదకి తోయడం లేదు. నువ్వు పేరు తెలియక రాశావు, నేను మనిషిని చూస్తూ చేశాను.

అతను భోజనాలకి తెచ్చిన బీన్స్ కుండ హాల్లోనే ఉండిపోయింది. కడిగి, ఆదివారం షెడ్డుకి తీసుకెళ్ళాను. లోపలంతా ఆవిరి, పొయ్యి ముందు అటు తిరిగి నిలబడి ఉన్నాడు.

"ఎవరూ?"

"నేనే."

"ఓహో, మోడరేటర్ గారా. కుండ ఆ బల్ల మీద పెట్టండి."

 వేళాకోళంగా అన్నా బాగుండేది, మామూలుగానే అన్నాడు. కట్టెలు ఎగదోస్తూ, "టెస్సా పిల్ల ఎవరి పోలికట?" అని అడిగాడు. ముక్కు మీ వైపుదేనట, మీ అక్క రాసిందన్నాను. అతనికి నవ్వొచ్చింది గాని నాకు చూపించకుండా మింగేశాడు.

"తప్పు చేశాను వెండెల్" అన్నాను. "శనివారం వాయిదాపడ్డ సభ ఉంది కదా, ఆ రోజు దిగిపోతాను. ఇంకెవరినైనా పెట్టుకోమంటాను."

"ఆ పని చెయ్యకండి. మీరు దిగితే ఎల్లరీని ఎక్కిస్తారు." గరిటెతో నురగ తీసి పక్కన పోశాడు. "నేనేదో పెద్ద నీతిమంతుణ్ణని అనడం లేదు. ఆ సుత్తి నా చేతికిస్తే, ఎల్లరీ గొంతు సవరించుకోకముందే కూచోబెట్టి, మావాళ్ళని చీకటి పడేదాకా తిట్టుకోనిచ్చేవాణ్ణి. నా సంగతి నాకు తెలుసు. అందుకే ఏటా మీ పేరు నేనే ప్రతిపాదించేవాణ్ణి."

ఈసారి సభలో కూడా పొద్దున్న అతనే ప్రతిపాదించాడు కోరా.

"అయితే శనివారం రా. అందరి ముందూ చెబుతాను."

"రాను. మావాళ్ళు ఏటా పోరు పెట్టేవాళ్ళు, 'ఆ డాక్టరు వాళ్ళ మనిషి, వాడికెందుకు చెయ్యెత్తాలి' అని. 'అక్కడికెక్కాక వాడు ఎవరి మనిషీ కాదురా' అని నేనే సర్దిచెప్పేవాణ్ణి. ఇప్పుడేం చెప్పమంటారు?"

 ఏటా ఆ షెడ్డులో అతని పక్కన స్టూలేసుకుని, వేడి పాకం మంచులో పోసుకు తిని, నువ్వు పిలిచేదాకా కదిలేవాణ్ణి కాదు. ఈసారి అతను కూచోమనలేదు. కుండ బల్ల మీద పెట్టి వచ్చేశాను.

శనివారం వేదిక దిగి, అందరిలా కుర్చీల మధ్య నిలబడి, నేను చేసింది చేసినట్టు చెబుతాను. ఎల్లరీ మొహం మాడ్చుకుంటాడు, పైలు ఆగిపోతాయి, ఆగనీ. ఆ తరవాత నన్ను ఉంచుతారో దించుతారో వాళ్ళ ఇష్టం. కానీ ఆ మాటలు వినాల్సినవాడు ఆ హాల్లో ఉండడు, నా బాధంతా అదే.

నువ్వు వచ్చిన రోజు ఎయిర్‌పోర్టు నుంచి తిన్నగా వెండెల్ దగ్గరికే తీసుకెళ్తాను. నువ్వొక్కదానివే లోపలికి వెళ్ళు. పిల్ల ఫొటోలు చూపించు, ముక్కు గురించి ఇద్దరూ నిదానంగా గొప్పలు పోండి. నా తరఫున మాత్రం ఒక్క మాటా అనకు. నేను కారులోనే కూచుంటాను. 'బావేడీ' అని అతను తనంతట తను అడిగితే, బయటికొచ్చి నన్ను పిలువు.

ఇట్లు,
నీ భర్త
ఆల్డెన్