చెక్క పాదాలు

నవంబరు 1962, గురువారం

చైనాతో యుద్ధమని, ఇవాళ సాయంత్రం స్టేషను బజారులో బూట్లు కుట్టే చీనా తాత దుకాణం మీద జనం పడ్డారు. ఇనుప రాడ్లతో తలుపు పగలగొట్టి, ఆయన్ని జుట్టు పట్టుకుని రోడ్డు మీదికి ఈడ్చారు. ఊళ్లోవాళ్ల పాదాల కొలతకు ఆయన చెక్కి, పేర్లు రాసి పెట్టుకున్న చెక్క అచ్చులన్నీ కుప్పపోసి కిరసనాయిలు పోసి అంటించారు. తాత కుడిచేతిని బూటుకాలితో తొక్కింది తమ్ముడు రామే. ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది.

నేను హిందీ చెప్పడానికి వెళ్లే ఇంగ్లీషు ఇంజనీరు బంగళాలో దొరసాని నాకు టీ వరండాలోనే ఇప్పిస్తుంది. ఆ కప్పు కూడా విడిగా పెట్టిస్తుంది. చీనా తాత ఇంట్లో ముసలమ్మ మాత్రం చెయ్యి పట్టి బల్ల దగ్గర కూచోబెట్టి, అందరూ తినే గిన్నెలోంచే నాకూ చేపముక్క తీసి పెట్టేది.

ఇంటికి రాగానే రామును నిలదీశాను. "రెండొందలేళ్లు మనల్ని ఏలినోళ్ల బంగళా మీద ఒక్క రాయన్నా ఏసినావేట్రా?"

"ఆళ్లు దొరలప్పా! ఆళ్ల జోలికెల్తే నౌకరీ ఉంటాదేటి? ఈడైతే దుష్మన్," అని నవ్వాడు.

"ఆ దుష్మనే గదరా నీ వంకర కాలికి బూటు కుట్టినోడు!"

నవ్వు ఆగింది. చెంప మీద ఒక్కటిచ్చాడు.

ఆ ఎత్తు మడమ బూటు లేకపోతే వాడు ఫ్యాక్టరీ గేటు దాకా కూడా నడవలేడు. ఇప్పుడు పక్కగదిలో తడిగుడ్డతో దాని మీది నెత్తురు తుడుచుకుంటున్నాడు. బూటు అడుగు అప్పుడే సగం అరిగిపోయింది. తన కాలి అచ్చు కూడా ఆ మంటలోనే కాలిందని వాడికింకా తట్టలేదు.