అక్కా, ఒకసారి నోరు చూపించుకో

భీమవరం

అక్కకి,

నువ్వూ బావా పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. మొన్నటి పోటుకి ఉప్పాడలో నీళ్ళు మీ గోడ దాకా వచ్చాయట. ఇంట్లోకి రాలేదు కదా? మేం బాగానే ఉన్నాం. ఆయన ఐసు ఫ్యాక్టరీలో కుదురుకున్నారు. నేను రొయ్యల షెడ్డుకి వెళుతున్నాను. చల్లటి నీళ్ళలో చేతులు తిమ్మిరెక్కుతాయి, అంతే. సముద్రం చప్పుడు లేక మొదట్లో నిద్ర పట్టేది కాదు.

ఫోన్‌లో ఈ మాట ఎత్తితే పెట్టేస్తావని రాస్తున్నాను. మీ బుజ్జి చేత పూర్తిగా చదివించుకో.

వానాకాలం నుంచి నా నాలుక మీద ఎర్రటి మచ్చలు వస్తున్నాయి. చుట్టూ తెల్లటి అంచు. కారం తగిలితే మంట. ఒకటి మానిందనుకుంటే పక్కన ఇంకోటి. పొద్దున్నే అద్దంలో చూసుకుంటే నాకు అమ్మ నోరే కనిపించేది. నిప్పు కొస నోటి లోపల పెట్టుకుని అడ్డచుట్ట కాల్చిన అమ్మ, ఆఖరికి గంజి కూడా మింగలేక, పమిట నోటికి అడ్డం పెట్టుకుని మాట్లాడిన అమ్మ. రొయ్యలు ఒలుస్తుంటే ఎక్కడినుంచో ఆ చుట్ట వాసన వచ్చేది. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. పాపకి అంటుకుంటుందేమోనని నా గ్లాసు వేరు పెట్టుకున్నాను, ముద్దు పెట్టుకోవడం మానేశాను.

"అమ్మకి నా మీద కోపమా నాన్నా?" అని పాప ఆయన్ని అడిగింది. ఆ రోజే ఆయన నన్ను పళ్ళ డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళారు.

ఆవిడ గుడ్డతో నాలుక పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. "ఇవి చోటు మారుతుంటాయా అమ్మా?"

"మారతాయండి."

"అయితే భయం లేదు. జాగ్రఫిక్ టంగ్ అంటారు, దేశపటంలా ఉంటుందని. కేన్సర్ కాదు, ఎవరికీ అంటదు. వస్తుంటాయి, పోతుంటాయి. మంటగా ఉన్నప్పుడు కారం, పులుపు తగ్గించుకో."

నాకు ఏడుపొచ్చింది. అమ్మ సంగతి చెప్పాను. ఆవిడ చేతి తొడుగులు తీయబోయి ఆగారు.

"ఇంట్లో ఇంకెవరైనా అలా కాలుస్తారా? ఒకేచోట ఉండిపోయి మానని మచ్చ ఉంటే మాత్రం ఆలస్యం చేయకూడదమ్మా."

నువ్వూ అమ్మలాగే కాలుస్తావు. అంగిట్లో ఏదో గరుగ్గా నాలుకకి తగులుతోందని నిరుటి నుంచీ అంటున్నావు. చూపించుకోమంటే, "చుట్ట కాల్చేవాళ్ళకి ఉండేదేలేవే" అన్నావు. అమ్మా అదే మాట అంది అక్కా.

ఏదో అయిపోయిందని అనడం లేదు. చూస్తేనే గాని చెప్పలేమన్నారు డాక్టరుగారు. నేను పాపని మళ్ళీ పక్కలో వేసుకుంటున్నాను. ఆ వాసన మాత్రం పోలేదు. ఇప్పుడు తిరిగి చూస్తే కనిపించేది నువ్వు.

ఆదివారం వస్తున్నాను. ఎండబెట్టిన చేపలు బుజ్జి చూసుకుంటుంది, నువ్వు నాతో డాక్టరుగారి దగ్గరికి రా. రానంటే మీ గుమ్మంలోనే కూర్చుంటాను.

బావకీ మీ అత్తగారికీ నా దణ్ణాలు చెప్పు. పిల్లలకి ముద్దులు. నన్ను దీవించడానికి మన ఇంట్లో నువ్వొక్కదానివే మిగిలావు.

నీ చెల్లెలు
సత్యవతి